నూకాలత్త అడిగిన ఫ్రెంచ్ ఫ్రైస్: శ్రీకూర్మం నుంచి విజయనగరం దాకా

ఈ ప్రయాణానికి కారణం ఆసుపత్రి వార్డులో గోడకు వేలాడదీసిన ఒక టీవీ. మా మేనత్త నూకాలు శ్రీకూర్మానికి అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న మా చిన్న పల్లెలో ఉంటుంది. చేపల గంప నెత్తిన పెట్టుకుని శ్రీకాకుళం వీధుల్లో తిరగడంలోనే ఆమె వయసంతా గడిచింది. మా పల్లెలో చాలామంది ఆడవాళ్ళలాగే ఆమెకూ అడ్డచుట్ట అలవాటు. అంటే చుట్ట నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పొగ పీల్చడం. నిరుడు ఆమె అంగిట్లో ఒక పుండు లేచి ఎన్నాళ్ళకీ మానలేదు. విశాఖపట్నం తీసుకెళ్తే పరీక్షలు చేసి క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్‌లో అంగిలిలో కొంత భాగం తీసేసి, ఆ ఖాళీని మూసేలా పళ్ళసెట్టులాంటి బిళ్ళ ఒకటి చేసి ఇచ్చారు. ఆ తర్వాత రేడియేషన్. వారాల తరబడి ముక్కులో వేసిన గొట్టం గుండానే ఆమెకు తిండి. ఆ రోజుల్లో ఆమె మంచానికి ఎదురుగా ఆ టీవీ ఉండేది. అందులో గంటకోసారి ఒక ప్రకటన వచ్చేది. ఎవరో నవ్వుతూ పొడుగాటి పసుప్పచ్చ బంగాళాదుంప ముక్కల్ని ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుంటారు, కరకరమని చప్పుడు వస్తుంది. గొట్టం వేసుకుని పడుకున్న అత్త ఆ చప్పుడు వింటూ ఉండేది.

నేను రాజాంలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతాను. సెలవు దొరికితే చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, చూసినవీ తిన్నవీ ఈ బ్లాగులో రాస్తాను. ఏ హోటల్లో ఏది బాగుంటుందో నన్ను అడిగేవాళ్ళు కొందరున్నారు. అలా అడిగినవాళ్ళలో నూకాలత్త ఉంటుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. క్రితం నెలలో చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆమె వంటగదిలో తలుపు వెనక కూర్చుని గంజిలో మెదిపిన అన్నం తాగుతోంది. బిళ్ళ కాస్త జారితే మింగినది ముక్కులోంచి వచ్చేస్తుంది. అందుకే ఎవరి ముందూ తినదు, కన్నకొడుకు ముందు కూడా. రుచి తెలియడం లేదని, ఏది నోట్లో పెట్టుకున్నా తడి ఇసకలాగే ఉందని తిండి బాగా తగ్గించేసింది. మనిషి సగమైపోయింది. బరువు ఇంకా తగ్గితే మళ్ళీ గొట్టం వేయక తప్పదని డాక్టరు చెప్పాడట. కారం లేకుండా, నమలగలిగినది ఏదైనా తినొచ్చనీ, రుచి మెల్లగా తిరిగి రావచ్చనీ, రాకపోవచ్చనీ కూడా చెప్పాడట.

గిన్నె కింద పెట్టి అత్త నన్ను అడిగింది. ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది ఇప్పుడు ఆమె గొంతు. "ఆ టీవీలో సూపిత్తారే, దుంప పుల్లలు. అయి ఎక్కడ దొరుకుతాయే గుంటా?" గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

"శ్రీకాకుళంలోనే దొరుకుతాయత్తా. రేపే తీసుకెళ్తాను."

"సికాకులం వద్దు. ఆ ఊర్లో నా కేక ఎరగని ఈది నేదు. నన్నెవలూ ఎరగని సోటికి తీసుకెల్లు."

అలా విజయనగరం అనుకున్నాం. శుక్రవారం సాయంత్రానికే రాజాం నుంచి పల్లెకు చేరుకుని, శనివారం పొద్దున్న ఎండ ముదరకముందే బయల్దేరాం. మా పల్లె నుంచి శ్రీకూర్మం దాకా షేర్ ఆటో, మనిషికి ఇరవై రూపాయలు. అక్కడి నుంచి శ్రీకాకుళం కాంప్లెక్స్‌కు, అంటే బస్టాండుకు, బస్సులు తరచుగానే ఉంటాయి, అరగంట పైన పడుతుంది. కాంప్లెక్స్‌లో విజయనగరం బస్సుల కోసం ఎక్కువసేపు చూడనక్కర్లేదు. ఇప్పుడు మన రాష్ట్రంలో ఈ బస్సుల్లో ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే చాలు కాబట్టి మా ఇద్దరికీ ఖర్చు లేదు. మగవాళ్ళకు వంద దాటుతుంది. రైలు ఇంకా త్వరగా వెళ్తుంది కానీ, స్టేషన్ ఊరికి దూరంగా ఆమదాలవలసలో ఉంది. జబ్బు మనిషితో ఆటో మారి, మెట్లెక్కి, ప్లాట్‌ఫారం మీద నిలబడటం కంటే బస్సే నయమనిపించింది. సీటు దొరికితే దాదాపు రెండు గంటల ప్రయాణం.

అత్త కిటికీ పక్కన కూర్చుంది. రేడియేషన్ తర్వాత ఆమె నోట్లో ఉమ్మి ఊరదు, అందుకని ప్రతి కొద్దిసేపటికీ సీసా మూత తీసి ఒక గుక్క నీళ్ళు పట్టి నోరు తడుపుకుంటుంది. రణస్థలం దాటాం. బస్సు హైవే వదిలి విజయనగరం వైపు మళ్ళాక, బయట జీడితోటల్ని చూస్తూ మెల్లగా అంది, "ఇదీ ఇసకలాగే ఉంటే మరి నానేదీ అడగను. గొట్టమే ఎయ్యనీ."

"అలా అనకత్తా. డాక్టరు మెల్లగా వస్తుందన్నాడు కదా."

"వస్తాదన్నాడు, రాదన్నాడు. రెండూ అన్నాడు. నువ్వు ఒకటే ఇన్నావు."

ఆమె చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎప్పుడూ చేపల తడితో ఉండే చెయ్యి, ఇప్పుడు పొడిగా, తేలిగ్గా ఉంది.

విజయనగరం కాంప్లెక్స్ దగ్గర ఆటో మాట్లాడాను. కోట జంక్షన్ దాకా యాభై రూపాయలన్నాడు. ఎక్కడికని అడిగితే హోటల్ పేరు చెప్పాను. నడివయసు డ్రైవరు అద్దంలోంచి అత్తను ఒకసారి చూసి, "ఇప్పుడే ఎల్తే బిరియానీ జనం ఉంటారమ్మా. ముసలామికి కూకోడానికి సోటు కూడా దొరకదు. మూడయ్యాక ఎల్లండి, కాళీగా ఉంటాది," అన్నాడు. మంచి మాట అనిపించింది. కోట గోడ నీడన ఒక అరుగు చూసి కూర్చున్నాం. మజ్జిగ కొనిస్తే అత్త అవతలికి తిరిగి, చెంగు అడ్డం పెట్టుకుని కొద్దిగా తాగింది. జనం పలచబడ్డాక హోటలుకు వెళ్ళాం. మేడ మీద ఏసీ హాలు, మెట్లు పదిహేను దాకా ఉంటాయి. లిఫ్టు లేదు, అది మాత్రం పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోవాలి. హోటల్ పేరు ఇక్కడ రాయవద్దని అత్త నాతో మాట తీసుకుంది, అందుకే రాయడం లేదు.

హాల్లో మూలగా ఒక బల్ల చూసుకున్నాం. ఫ్రెంచ్ ఫ్రైస్ ధర నూట ముప్పై, పన్ను వేరే. మసాలా చల్లనివి కావాలని చెప్పాను. అనుకున్నదానికంటే త్వరగా వచ్చేశాయి, నాకు అక్కడే అనుమానం వచ్చింది. నేను వీటిని తూచే పద్ధతి చాలాకాలంగా ఒకటే. ఒక ముక్క కొస పట్టుకుని అడ్డంగా ఎత్తితే వంగకుండా నిలబడాలి. విరిస్తే పైన పెళుసుగా విరిగి, లోపల ఉడికిన దుంప పొడిపొడిగా కనిపించాలి. రంగు ఎండుగడ్డిలా ఉండాలి కానీ గోధుమ రంగులోకి పోకూడదు. కింద వేసిన కాగితం మీద నూనె మరక పెద్దదై ఉండకూడదు. ఉప్పు ముక్కకు అంటుకుని ఉండాలి, పళ్ళెం అడుగున కాదు. ఆ ప్లేటు ఈ పరీక్షల్లో ఒక్కదానిలోనూ నెగ్గలేదు. ఎత్తిన ముక్క తాడులా వంగిపోయింది. మధ్యాహ్నం ఎప్పుడో వేయించి ఉంచినవి, మళ్ళీ వెచ్చబెట్టి తెచ్చారు. ఇంత దూరం వచ్చి అత్త మొదటిసారి తినేది ఇలాంటివా అని నాకు బాధేసింది. ఆమె చెయ్యి పెట్టేలోపే వడ్డించే అమ్మాయిని పిలిచి, ఇవి మెత్తబడిపోయాయి, అప్పటికప్పుడు వేయించినవి కావాలని చెప్పాను.

ఆ అమ్మాయి వెనక్కి తీసుకెళ్ళిన కాసేపటికి వంటమనిషే బయటికి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, భుజం మీద తువ్వాలు. పేరు అప్పలనాయుడు, గరివిడి వైపు మనిషినని చెప్పాడు. "మజ్జానం రద్దీలో ఏపినయి మిగిలాయమ్మా, తప్పే. కొత్తయి ఏపి పంపిత్తాను, కొంచెం కూకోండి," అన్నాడు. సంజాయిషీలు చెప్పకుండా ఒప్పుకున్నందుకు నాకు అతని మీద గౌరవం కలిగింది. రెండో ప్లేటు వచ్చింది. నేను రాస్తున్న ఇన్నాళ్ళలో మన జిల్లాల్లో తిన్నవాటిలో అంత మంచివి చాలా తక్కువ. పొగలు కక్కుతూ, లేత బంగారు రంగులో, ఒక్కొక్కటీ పుల్లలా నిలబడింది. విరిస్తే ఆ టీవీలో వినిపించే చప్పుడే వచ్చింది.

అత్త ఆ చప్పుడు విని నా వైపు చూసింది. ఒక ముక్క తీసుకుని, చాలాసేపు ఊది, నోట్లో పెట్టుకుంది. నమిలింది. వెంటనే ఆమె మొహం మారిపోయింది. ఆ పెళుసు కొస అంగిట్లో పచ్చిగా ఉన్న చోట గుచ్చుకుంది. దగ్గు ముంచుకొచ్చింది. దగ్గుకు బిళ్ళ జారింది. నమిలిన దుంప, తాగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చేశాయి. పక్క బల్ల దగ్గర కూర్చున్న దంపతులు తినడం ఆపి ఇటు చూసి, తర్వాత తల తిప్పుకున్నారు. అత్త చెంగుతో మొహం మొత్తం కప్పేసుకుంది. నేను ఆమెను పట్టుకుని చేతులు కడిగే చోటికి తీసుకెళ్ళాను. నేను తలుపు వేశాక, ఆమె బిళ్ళ తీసి, కడిగి, మళ్ళీ పెట్టుకుంది. నీళ్ళలో కొంచెం ఎర్రగా కనిపించింది.

"వెళ్ళిపోదాం అత్తా. డబ్బులు కట్టేసి వస్తాను, నువ్వు ఇక్కడే ఉండు."

అత్త అద్దంలో తన మొహం చూసుకుంది. తర్వాత చెంగు సర్దుకుని అడిగింది, "ముందల ఒకటి అట్టుకొచ్చింది కదే ఆ గుంట. మెత్తటియి. అయి ఏవీ?"

"అవి బాగోలేవత్తా. నేనే వెనక్కి పంపేశాను."

"నీకు బాగోనేదు. నన్ను అడిగినావేటి?"

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా గట్టిగా తగిలింది. మళ్ళీ బల్ల దగ్గరకు వచ్చాం. వడ్డించే అమ్మాయి గాభరాగా నిలబడి ఉంది. వంటింటి గుమ్మంలో అప్పలనాయుడు కూడా ఉన్నాడు, జరిగింది చూసినట్టున్నాడు. నేను దగ్గరికి వెళ్ళి అత్త ఆపరేషన్ సంగతి, బిళ్ళ సంగతి చెప్పాను. మొదట తెచ్చిన ప్లేటు ఉంటే అదే ఇమ్మన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"తిరిగొచ్చినయి మళ్ళీ పెట్టనమ్మా. అలాటియే మెత్తగా సేసి ఇస్తాను. రంగు రాకుండానే తీసేత్తాను. సల్లారబెట్టి తెత్తాను. సరేనా?"

అత్త బల్ల దగ్గర నుంచే వింది. "సన్నంగా వద్దు బాబూ. లావుగా కోసీ. సన్నటియి గుచ్చుకుంతన్నాయి," అంది.

"అలాగేనమ్మా," అన్నాడు అప్పలనాయుడు.

ఈసారి ఆలస్యమైంది. ముందే కోసి సంచుల్లో వచ్చే ముక్కలు కాకుండా దుంపలే తొక్క తీసి కోసి, ముందు ఉడకబెట్టి వేయించాడని తర్వాత తెలిసింది. అతనే స్వయంగా తెచ్చి పెట్టాడు. నా లెక్క ప్రకారం చూస్తే అది ఆ రోజు వచ్చిన మూడింటిలోకీ నాసిరకం. వేలెడు లావు ముక్కలు, తెల్లగా, ఎత్తితే మధ్యకి విరిగి పడిపోతున్నాయి. పెళుసు అన్న మాటే లేదు. ఈసారి ప్లేటు ఆమె వైపు జరిపాను. అత్త ఒక ముక్కను గోటితో నాలుగు చేసి, ఒక చిన్న తునక బిళ్ళ లేని వైపు నాలుక మీద పెట్టుకుంది. ఒక గుక్క నీళ్ళు పట్టింది. కళ్ళు మూసుకుంది. దవడ మెల్లగా కదులుతోంది. ఎదురుగా కూర్చుని ఆ దవడ వైపు చూడటం తప్ప నాకు ఇంకేమీ తోచలేదు.

మింగింది. ముక్కులోంచి ఏమీ రాలేదు. రెండో తునక పెట్టుకుంది. మూడోది. అప్పుడు కళ్ళు తెరిచింది.

"ఉప్పు," అంది.

"ఎక్కువైందా అత్తా?"

"కాదే. ఉప్పు తెలస్తన్నాది." వేలు పెట్టి చెంప చూపించింది. "ఈ పక్కన తెలీడం నేదు. ఈ పక్కన తెలస్తన్నాది. నాలిక అంచుమీద."

ఆమె ఇంకో తునక తీసుకుని, సరిచూసుకుంటున్నట్టు అటు పక్కన పెట్టింది, తర్వాత ఇటు పక్కకు తెచ్చింది. అవునన్నట్టు తల ఊపింది. ఇంకా వెళ్ళిపోకుండా నిలబడి ఉన్న అప్పలనాయుడు చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ, అడిగాడు, "సరిపోయిందామ్మా ఉప్పు?"

"సరిపోనాది బాబూ," అంది అత్త. "నీ సెయ్యి సల్లగుండ."

ఆ ప్లేటులో సగం తినడానికి గంట పట్టింది. మధ్యలో ఎవరో వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ తినడం ఆపలేదు. చివరికి చాలని చెయ్యి కడుక్కుని వచ్చి, "దుంపే కదే. దీనికేటి అంత సేపు టీవీలో సూపిత్తారు," అంది. మిగిలినవి పొట్లం కట్టించాను. మూడు ప్లేట్లకూ డబ్బు ఇవ్వబోతే మొదటిది లెక్కలో వెయ్యలేదు. రెండో ప్లేటులోవి నేను తిన్నాను, చల్లారిపోయినా కరకరలాడుతూనే ఉన్నాయి. అవి నిజంగా మంచి ఫ్రెంచ్ ఫ్రైస్. ఆ మాట కూడా రాయకపోతే ఆ వంటమనిషికి అన్యాయం చేసినట్టవుతుంది.

అయిదు దాటాక శ్రీకాకుళం బస్సు ఎక్కాం. అత్త దారంతా నిద్రపోయింది. పల్లె చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది. ఆమెను ఇంట్లో దింపి, ఆదివారం నేను రాజాం వచ్చేశాను. సోమవారం క్లాసుకు వెళ్ళబోతుంటే అత్త కొడుకు, మా బావ ఫోన్ చేశాడు. వేటకు వెళ్ళి అప్పుడే ఒడ్డుకు వచ్చానన్నాడు. గొంతులో ఏదో తేడా ఉంది.

"ఏటైంది బావా? అత్తకి బాగానే ఉందా?"

"బాగానే ఉన్నాది. నిన్న రేతిరి సారులో ఉప్పు ఎక్కువేసీసినావని మీ అప్పని తిట్టింది," అన్నాడు. అప్ప అంటే ఆయన భార్య, నాకు పెద్దమ్మ కూతురు. "ఆపరేసనయ్యాక అమ్మ తిండిని తిట్టడం ఇదే మొదలు. మీ అప్ప తిట్లు తిని ఒకటే ఏడుపు. సంతోషమేలే."

ఇంతకన్నా చెప్పుకోదగ్గ మార్పు ఏదీ లేదు. అత్త ఇప్పటికీ వంటగదిలోనే తింటుంది. తీపి ఇంకా తెలియడం లేదు. వచ్చే నెల మళ్ళీ విశాఖపట్నం వెళ్ళి పరీక్షలు చేయించాలి, వాటిలో ఏం వస్తుందో ఎవరికీ తెలియదు. నేను ఇన్నాళ్ళూ తిండిని నా నోటితో తూచి, అందరికీ అదే కొలత అన్నట్టు రాస్తూ వచ్చాను. ఇక ముందూ అలాగే రాస్తాను, ఎందుకంటే నాకున్నది ఈ ఒక్క నోరే. కానీ ఎదుటి మనిషి ఏ నోటితో తింటున్నాడో నాకు కనపడదన్న సంగతి ఇప్పుడు తెలుసు. ఆ రోజు బల్ల మీదకు మూడు ప్లేట్లు వచ్చాయి. నేను మెచ్చినది ఆమెను గాయపరిచింది. నేను చూడ్డానికి కూడా ఇష్టపడనిది ఆమెకు ఉప్పును తిరిగి ఇచ్చింది.

మీ ఇంట్లోనూ నోటికో గొంతుకో ఆపరేషన్ అయినవాళ్ళుండి, వాళ్ళకి బయట తినాలనిపిస్తే, మధ్యాహ్నం మూడుకూ అయిదుకూ మధ్య వెళ్ళండి. ఆ వేళ వంటింట్లో వాళ్ళకు మీ మాట వినే తీరిక ఉంటుంది. ముక్క ఎంత లావుండాలి, ఎంత మెత్తగా ఉండాలి, ఎంత చల్లారాలి అన్నది మీరు చెప్పకండి, తినబోయే మనిషినే చెప్పనివ్వండి.